చలికాలం తెల్లవారుజామున గుడ్లగూబలను చూడటం, ఫొటో తీయడం ఎలా?

గుడ్లగూబను చూడాలంటే రాత్రంతా మేలుకోవాలని చాలామంది అనుకుంటారు. అక్కర్లేదు. చలికాలంలో సూర్యోదయానికి ముందు ముప్పావు గంట, తర్వాత ఒక గంట సరిగ్గా వాడుకుంటే చాలు. రాత్రి వేట ముగించుకుని పిట్ట తన చోటికి చేరే సమయం అది. ఇంకా ఆకలిగా ఉంటే గడ్డి మీద చివరి చక్కర్లు కొడుతుంది. కడుపు నిండితే కొమ్మ మీదో, తొర్ర అంచునో కూర్చుని తొలి ఎండకు ఒళ్లు కాచుకుంటుంది.

మిగతా కాలాల కంటే చలికాలం మనకు బాగా కలిసొస్తుంది. ఆకులు రాలిన చెట్లు బోసిగా ఉంటాయి కాబట్టి, వేసవిలో ఎంత వెతికినా దొరకని పిట్ట ఇప్పుడు కంటపడుతుంది. గడ్డి బీళ్లలో తిరిగే షార్ట్ ఈయర్డ్ ఔల్ లాంటి గుడ్లగూబలు ఉత్తరాది చలిని తప్పించుకుని దక్షిణానికి వలస వస్తాయి. సూర్యుడు ఎక్కువ ఎత్తుకు రాడు కాబట్టి మెత్తటి వెలుగు కూడా ఎక్కువసేపు ఉంటుంది.

మొదట్లోనే ఒక మాట. గుడ్లగూబ మిమ్మల్ని పట్టించుకోకుండా తన పనిలో తానున్నప్పుడే మంచి ఫొటో వస్తుంది. మిమ్మల్నే గుడ్లు మిటకరించి చూస్తున్న ఫొటోకి లైకులు ఎక్కువ రావచ్చు, కానీ ఆ చూపులో ఉన్నది భయం. చోటు ఎంచుకోవడం దగ్గర్నుంచి కెమెరా సెట్టింగుల దాకా కింద చెప్పేవన్నీ ఆ భయం కలగకుండా ఫొటో తీయడానికే.

ముందు రోజు పగలే చోటు తేల్చుకోండి

చీకట్లో వెళ్లి వెతుకుదాం అనుకుంటే తెల్లారిపోతుంది. ముందు రోజు పగటిపూట ఒకసారి వెళ్లి ఆనవాళ్లు చూసుకోండి. పాత చెట్ల తొర్రలు, దట్టమైన పచ్చని చెట్లు, పాడుబడిన కట్టడాలు, రాతి గుట్టల అంచులు, పొలాల గట్ల మీది ఒంటరి చెట్లు, ఎత్తుగా గడ్డి పెరిగిన బీళ్లు, ఇవన్నీ చూడదగ్గ చోట్లే.

పైకి చూడటానికి ముందు కింద చూడండి. ఒకే కొమ్మ కింద సున్నం పోసినట్టు తెల్లటి రెట్టల చారలుంటే అక్కడ ఏదో పెద్ద పిట్ట రోజూ కూర్చుంటోందని అర్థం. డేగలు రెట్టను దూరంగా చిమ్ముతాయి. గుడ్లగూబ రెట్ట ఎక్కువగా నిలువునా కిందికే పడుతుంది. కొంగలు వాలే చెట్టు కింద కూడా తెల్లగా ఉంటుంది గానీ అక్కడ చేపల కంపు కొడుతుంది, మరకలు చెట్టంతా పరుచుకుని ఉంటాయి.

రెట్ట కంటే గట్టి ఆధారం పెల్లెట్. గుడ్లగూబ ఎలుకను చాలావరకు ఒకే గుటకలో మింగేస్తుంది. అరగని బొచ్చు, ఎముకలు పొట్టలో ఉండలా చుట్టుకుంటే కొన్ని గంటల తర్వాత నోటితోనే బయటికి కక్కేస్తుంది. చెట్టు మొదట్లో బొటనవేలంత బూడిదరంగు ఉండ కనిపిస్తే పుల్లతో మెల్లగా విప్పి చూడండి. నొక్కుకుపోయిన బొచ్చు మధ్య ఎలుక పుర్రె, నారింజ రంగు ముందుపళ్లతో దవడ, సూదుల్లాంటి పక్కటెముకలు చెక్కుచెదరకుండా బయటపడతాయి. డేగల కడుపులో ఆమ్లం ఘాటు ఎక్కువ, అందుకే వాటి ఉండల్లో ఎముకలు అంతగా మిగలవు. ఎముకలు నిండుగా ఉన్నాయంటే అది గుడ్లగూబదేనని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. బార్న్ ఔల్ (తెల్లటి ముఖం, నల్లటి కళ్ల గుడ్లగూబ) ఉండ తాజాగా ఉన్నప్పుడు వార్నిష్ పూసినట్టు నల్లగా మెరుస్తుంది, పాతబడేకొద్దీ వెలిసిపోతుంది. అలా మెరుస్తున్న ఉండ దొరికిందంటే పిట్ట ఈ మధ్యే అక్కడ కూర్చుంది. చేతులకు గ్లౌజులు లేకపోతే ముట్టుకోవద్దు, ముట్టుకుంటే సబ్బుతో కడుక్కోండి.

ఇంకో ఆధారం చిన్న పిట్టల గోల. పగటిపూట కాకులో, గోరింకలో, పికిలిపిట్టలో ఒకే చెట్టు చుట్టూ చేరి అదేపనిగా అరుస్తుంటే ఆ కొమ్మల మధ్యలో పామో, పిల్లో, గుడ్లగూబో ఉండే అవకాశం ఎక్కువ. ఎటు తిరిగి అరుస్తున్నాయో అటు బైనాక్యులర్స్ పెట్టండి.

చోటు దొరికాక అక్కడే ఆగి రెండు విషయాలు చూసుకోండి. ఒకటి, తూర్పు ఎటు? ఉదయం మీరు నిలబడేచోట సూర్యుడు మీ వీపు వెనకో, ఒక పక్కగానో ఉండాలి. అంటే పిట్ట ఉండే చోటుకి తూర్పు వైపున మీకు నిలబడే వీలుండాలి. రెండు, ఆ నేల ఎవరిది? ప్రైవేటు పొలమైతే యజమానిని అడగండి. తెల్లవారుజామున చీకట్లో పెద్ద లెన్సు పట్టుకుని తిరిగే మనిషిని చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది, ముందే చెప్పి ఉంచితే మీకూ టెన్షన్ ఉండదు. అడవి అయితే ప్రవేశ సమయాలు తెలుసుకోండి.

వాతావరణం చూసి రోజు ఎంచుకోండి

గాలి లేని ఉదయం కావాలి. గుడ్లగూబ చెవితో వేటాడుతుంది. బార్న్ ఔల్‌కి ఒక చెవి కంటే ఇంకోటి కాస్త పైన ఉంటుంది. ఎలుక చప్పుడు రెండు చెవులకూ చేరడంలో ఉండే తేడాను బట్టి అది కటిక చీకట్లోనూ ఎలుక ఎక్కడుందో కనిపెట్టేస్తుంది. గ్రేట్ గ్రే ఔల్ అయితే మంచు పొర కింద పాకే ఎలుకను కూడా విని పట్టుకుంటుంది. ఈదురుగాలికి గడ్డి గలగలలాడుతుంటే ఆ వినికిడి పనిచేయదు, పిట్ట వేటకు పెద్దగా కదలదు.

వాన విషయంలో చిన్న కిటుకు ఉంది. చప్పుడు లేకుండా ఎగరడానికి ఈకలు మెత్తగా ఉండాలి. ఆ మెత్తదనం వల్లే బార్న్ ఔల్ ఈకలు నీటికి అంత తట్టుకోవు, తడిస్తే బరువెక్కుతాయి. అందుకని రాత్రంతా వాన పడితే అది చాలాసార్లు పస్తుంటుంది. తెల్లవారేసరికి వాన వెలిస్తే, ఆకలి మీద బాగా వెలుగొచ్చాక కూడా వేటాడుతూ కనిపిస్తుంది. నన్నడిగితే ముసురు వెలిసిన మర్నాటి ఉదయాన్ని అసలు వదులుకోకూడదు. కాకపోతే ఆ ఉదయం పిట్ట నిజంగానే ఆకలితో ఉంటుంది, దాని దారికి అడ్డం వెళ్లొద్దు. దూరం నుంచే తీసుకోండి.

పొగమంచు పట్టిన రోజు దూరపు పిట్ట ఫొటో ఎలాగూ తేలిపోతుంది. గుంజ మీద దగ్గర్లో కూర్చున్న పిట్టకి మాత్రం వెనక అంతా తెల్లటి తెర కట్టినట్టు ఉండి బొమ్మ చాలా బావుంటుంది.

సంచిలో ఏం ఉండాలి

బైనాక్యులర్స్ 8×42 (8 రెట్లు పెద్దదిగా చూపే, ముందు అద్దం 42 మి.మీ. ఉండేవి) మంచివి. 10×42 కంటే పెద్దదిగా చూపించకపోయినా, మసక వెలుగులో కంటికి ఎక్కువ కాంతిని ఇస్తాయి. తెల్లవారుజామున మనకి కావాల్సింది అదే.

కెమెరాకి 400 మి.మీ. లేదా అంతకు మించిన లెన్సు ఉంటే పిట్టకి దూరంగా ఉండొచ్చు. అంత లెన్సు లేకపోతే దగ్గరికి వెళ్లాలని చూడొద్దు. పిట్ట చిన్నగా, చుట్టూ చెట్టూ మంచూ పొలమూ పెద్దగా కనిపించేలా తీయండి. అది రాజీపడటమేమీ కాదు. గుడ్లగూబ ఎక్కడ బతుకుతోందో చూపించే ఫొటో నాకైతే క్లోజప్ కంటే ఎక్కువ ఇష్టం. ఫోనే ఉంటే బైనాక్యులర్స్ కంటి భాగానికి ఫోన్ లెన్సును ఆనించి తీయొచ్చు, గుర్తుపట్టడానికి ఆ మాత్రం బొమ్మ సరిపోతుంది.

చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది. స్పేర్ బ్యాటరీని ఒంటికి తగిలేలా లోపలి జేబులో పెట్టుకోండి. నడిచేటప్పుడు గరగరమనే జాకెట్ వద్దు, ఊలు, నూలు బట్టలు పొరలు పొరలుగా వేసుకోవడం మేలు. వేళ్ల చివర్లు బయటికి ఉండే గ్లౌజులుంటే బటన్లు నొక్కడం సులువు. టార్చ్ మీ కాళ్ల ముందు నేల చూసుకోవడానికే. ఎరుపు వెలుగు ఉన్న హెడ్‌ల్యాంప్ అయితే మీ కళ్లు కూడా చీకటికి అలవాటుపడే ఉంటాయి. దాన్ని చెట్టు మీదికి ఎత్తొద్దు.

ఇంటి దగ్గరే కెమెరా సిద్ధం చేసుకోండి. రా ఫార్మాట్ (కెమెరా పట్టిన సమాచారమంతా ఉంచే ఫైలు), ఆటో ఐఎస్ఓకి (వెలుగును పట్టే సున్నితత్వం) 6400 పరిమితి, అపర్చర్ (వెలుగు లోపలికి వచ్చే రంధ్రం) మీ లెన్సు ఎంత తెరుచుకుంటే అంత, షట్టర్ శబ్దం వినిపించని సైలెంట్ మోడ్. ఆటోఫోకస్ సాయానికి కెమెరా ముందు వెలిగే చిన్న బల్బు ఉంటుంది, దాన్ని ఆఫ్ చేయడం మర్చిపోవద్దు. చలికి కొంకర్లు పోయిన వేళ్లతో చీకట్లో మెనూలు వెతుక్కోవడం అంత నరకం ఇంకోటి లేదు.

చేరుకున్నాక కదలకుండా వినండి

సూర్యోదయానికి 45 నిమిషాల ముందే మీ చోట ఉండండి. ఉంటే ఒక చెట్టు మొదలుకో, పొదకో ఆనుకుని కూర్చోండి. మీ ఆకారం ఆకాశానికి ఎదురుగా నిలువునా కనిపించకుండా ఉంటే చాలు. తర్వాత కాసేపు ఏమీ చేయకండి. చెవులు రిక్కించి వినండి.

పెద్ద గుడ్లగూబలు లోతైన గొంతుతో 'హూ... హూ' అంటాయి, జతలో రెండోది బదులు పలుకుతుంది. బార్న్ ఔల్ అలా అనదు, గరగరలాడే గొంతుతో కీచుమంటుంది. చిన్న జాతులు కిచకిచమని గొడవపడినట్టు అరుస్తాయి. కానీ ఎగిరేటప్పటి చప్పుడు కోసం మాత్రం ఎదురుచూడొద్దు. రెక్క ముందంచున ఉండే దువ్వెన పళ్లలాంటి ఈక అంచులు గాలి చప్పుడును నొక్కేస్తాయి. అది మీ తల మీదుగా వెళ్లినా వినపడదు. అందుకని చెవులు ఒకవైపు వింటున్నా, కళ్లు మాత్రం గడ్డి మీదా, దానికీ ఆకాశానికీ మధ్య ఉండే ఆ పలచటి వెలుగు చార మీదా ఉండాలి.

కాస్త వెలుగు రాగానే బైనాక్యులర్స్‌తో వెతకడం మొదలుపెట్టండి. ప్రతి గుంజనీ, ప్రతి మొద్దునీ, ప్రతి తొర్రనీ ఆగి ఆగి చూడండి. గుడ్లగూబకి మెడ ఉన్నట్టు కనిపించదు, తలా ఒళ్లూ ఒకే దిమ్మలా ఉంటాయి. చెట్టు మొదలుకి అతుక్కుని, విరిగిన కొమ్మలా నిటారుగా ఏదైనా కనిపిస్తే దాన్ని వదలకండి. బీళ్లలో అయితే నేల మీద కూడా చూడాలి. షార్ట్ ఈయర్డ్ ఔల్ గడ్డిలోనే పడుకుంటుంది, చలికాలంలో ఒకే చోట చాలా పిట్టలు కలిసి ఉండటం కూడా మామూలే. ఆ గడ్డిలోకి నడుచుకుంటూ వెళ్తే ఒక్కసారిగా అన్నీ లేచిపోతాయి. గట్టు మీద నుంచే చూడండి.

సుమారు 250 జాతుల గుడ్లగూబలు ఉన్నాయి, అన్నీ రాత్రిపూటే తిరిగేవి కావు. షార్ట్ ఈయర్డ్ ఔల్ తెల్లవారాక, పొద్దువాలే ముందు కూడా వేటాడుతుంది. ధ్రువ ప్రాంతపు స్నోవీ ఔల్, ఉత్తర అడవుల హాక్ ఔల్ పట్టపగలే తిరుగుతాయి. మీ దగ్గర ఏ జాతులున్నాయో ముందే చదువుకుని వెళ్తే, ఎండెక్కాక ఎంతసేపు ఉండాలో మీకే తెలుస్తుంది.

దగ్గరికి వెళ్లేముందు పిట్టను చదవండి

ఈ ఒక్కటి నేర్చుకుంటే మిగతావి వాటంతటవే వస్తాయి. పిట్ట కనిపించగానే కెమెరా ఎత్తకండి. ఉన్నచోటే ఆగి, బైనాక్యులర్స్‌లో కాసేపు దాని ఒంటిని చూడండి.

నిశ్చింతగా ఉన్న గుడ్లగూబ ఈకలు ఉబ్బించుకుని గుండ్రంగా ఉంటుంది. చాలాసార్లు ఒక కాలు పొట్ట ఈకల్లోకి లాక్కుని ఒంటికాలి మీద నిలబడుతుంది. ముక్కుతో రొమ్ము ఈకలు సవరించుకుంటుంది, రెక్కనీ కాలినీ ఒకేవైపు చాచి ఒళ్లు విరుచుకుంటుంది. కనురెప్పలు కూడా మాట్లాడతాయి. రెప్ప వేసేటప్పుడు పైరెప్ప కిందికి దిగుతుంది, నిద్రలోకి జారేటప్పుడు కిందిరెప్ప మెల్లగా పైకి లేస్తుంది. చలికాలపు ఎండ ముఖాన పడుతుండగా ఆ కిందిరెప్ప పైకి జరగడం బైనాక్యులర్స్‌లో కనిపించిందంటే, మీరు ఉన్న దూరం దానికి సమ్మతమే.

భయపడ్డ పిట్ట తీరు వేరు. ఒళ్లంతా బిగదీసుకుని సన్నగా, పొడుగ్గా అయిపోతుంది. చెవుల్లా కనిపించే ఈకల కుచ్చులున్న జాతులు వాటిని నిక్కబెడతాయి. కళ్లను సన్నటి గీతల్లా చేసి మిమ్మల్నే చూస్తుంది. కొత్తవాళ్లు దీన్ని చూసి నిద్రపోతోందనుకుని ఇంకో నాలుగు అడుగులు ముందుకేస్తారు. నిజానికి అది బెరడులో కలిసిపోయి దాక్కునే ప్రయత్నంలో ఉంది. చిన్న గుడ్లగూబలు తలను పైకీ కిందికీ ఆడిస్తూ మిమ్మల్నే తేరిపారా చూస్తాయి. కళ్లు పూర్తిగా తెరిచి, అటూ ఇటూ జరుగుతూ, ముక్కు టకటకలాడిస్తుంటే మీరు అప్పటికే హద్దు దాటారు. వెనక్కి వచ్చేయండి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, పగటిపూట లేపితే గుడ్లగూబకి నష్టం చాలా ఎక్కువ. చలి రాత్రి కష్టపడి సంపాదించిన శక్తి ఎగిరి పారిపోవడానికి ఖర్చవుతుంది. వెలుగులో బయటపడగానే కాకులు వెంటపడతాయి, పెద్ద డేగలు చూస్తాయి. అలా పదేపదే జరిగితే ఆ చోటే మానేయవచ్చు.

దగ్గరికి వెళ్లక తప్పదనుకుంటే నేరుగా నడవకండి. దాన్ని దాటి ఎటో పోతున్నట్టు ఏటవాలుగా, కంటిలోకి కన్ను పెట్టకుండా, నాలుగడుగులు వేసి ఆగండి. ఆగిన ప్రతిసారీ దాని ఒంటిని చూడండి. మొదటిసారి మీ వైపు చూస్తే పర్వాలేదు. మళ్లీ తల తిప్పేసుకుందంటే ఇంకాస్త వెళ్లొచ్చు, చూపు మీ మీదే నిలిచిపోతే అదే మీ హద్దు. పొద చాటు నుంచి హఠాత్తుగా బయటికి రావడం కంటే, మొదటి నుంచీ కనిపిస్తూ మెల్లగా కదలడమే దానికి తక్కువ భయం. రోడ్డు పక్క పిట్టైతే కారు దిగకండి. మనిషి ఆకారం కంటే కారుని అవి ఎక్కువ సహిస్తాయి. ఇంజిన్ ఆపండి, హీటర్ కూడా ఆపండి. లోపలి వేడి గాలి కిటికీలోంచి బయటికి వస్తుంటే లెన్సు ముందు అలలు లేచి ఎంత మంచి లెన్సైనా బొమ్మ మసకేస్తుంది. కిటికీ మీద బీన్ బ్యాగ్ (గింజలు నింపిన సంచి) పెట్టి లెన్సు ఆనించండి.

పిట్ట వెనక్కి తిరిగి కూర్చుందని ముందుకి చుట్టి వెళ్లాల్సిన పని లేదు. గుడ్లగూబ కళ్లు మనలా గుంటల్లో తిరగవు, చూపు తిప్పాలంటే తలే తిప్పాలి. మనిషి మెడలో 7 వెన్నుపూసలుంటే దానికి 14 ఉంటాయి, తలను ఒక వైపుకి 270 డిగ్రీల దాకా తిప్పగలదు. కాసేపు ఓపిక పడితే వీపు మీదుగా తల తిప్పి చూస్తుంది. వీపు ఈకల మీది చుక్కలూ, ముఖమూ ఒకే ఫ్రేములో పడే ఆ భంగిమ ముందువైపు నుంచి ఎప్పటికీ దొరకదు.

ఇక కెమెరా ఎత్తండి

సూర్యుడు రాకముందు, కూర్చున్న పిట్టకి: షట్టర్ 1/60 నుంచి 1/125 సెకను, ఐఎస్ఓ 3200 నుంచి 6400. గుడ్లగూబ చాలాసేపు శిలలా కూర్చుంటుంది కాబట్టి ఇంత నెమ్మది షట్టర్‌తో కూడా బొమ్మ పదునుగా వస్తుంది. లెన్సులో స్టెబిలైజేషన్ (చేతి వణుకును తగ్గించే ఏర్పాటు) ఆన్ చేసి, ట్రైపాడ్ మీదో మోకాలి మీదో ఆనించి, నాలుగైదు ఫొటోల చిన్న బరస్ట్‌లు తీయండి. అందులో ఒకటైనా కదలకుండా వస్తుంది. గ్రెయిన్ (బొమ్మ మీది ఇసుకలాంటి చుక్కలు) గురించి బెంగపడొద్దు, దాన్ని తర్వాత తగ్గించుకోవచ్చు. కదిలిన ఫొటోని మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయదు.

ఫోకస్ కంటి మీదే. జంతువుల కంటిని పట్టుకునే ఆటోఫోకస్ ఉంటే వాడండి. కొమ్మలు అడ్డం ఉంటే అది కొమ్మనే పట్టుకుంటుంది, అప్పుడు సింగిల్ పాయింట్‌కి మారి పాయింట్‌ని దగ్గరి కంటి మీద పెట్టండి. పసుపు, నారింజ కళ్ల జాతులతో ఇబ్బంది లేదు. బార్న్ ఔల్ కళ్లు నల్లగా ఉంటాయి. వాటిలో ఆకాశపు మెరుపు చుక్క పడకపోతే తెల్లటి ముఖంలో రెండు గుంటల్లా కనిపిస్తాయి. దాని తల కాస్త వెలుగు వైపు తిరిగే దాకా ఆగి తీయండి.

ఎక్స్‌పోజర్‌ని (బొమ్మ ఎంత వెలుగుగా రావాలన్నది) కెమెరాకి వదిలేస్తే మోసపోతారు. మంచు, పొగమంచు, తెల్లటి ఆకాశం ఫ్రేములో ఎక్కువగా ఉంటే కెమెరా అంతా ప్రకాశంగా ఉందనుకుని బొమ్మను చీకటి చేస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ +1 దాకా పెంచండి. చీకటి చెట్టు ముందు తెల్లటి బార్న్ ఔల్ ఉంటే దీనికి తలకిందులు. రొమ్ము ఈకలు తెల్లగా కాలిపోతాయి కాబట్టి −2/3 దాకా తగ్గించండి. మొదటి ఫొటో తీయగానే హిస్టోగ్రామ్ (బొమ్మలో వెలుగు, చీకటి ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్) చూసుకుంటే సరిపోతుంది. అలాగని ప్రతి ఫొటో తర్వాతా తెర వైపు తల దించకండి, అసలు సంగతి సరిగ్గా అప్పుడే జరిగిపోతుంది.

ఎగిరే పిట్టకి 1/1600 కావాలి, వెలుగుంటే 1/2000. షార్ట్ ఈయర్డ్ ఔల్ రెక్కలు మెల్లగా, లోతుగా ఆడిస్తూ ఎగురుతుంది కాబట్టి వెలుగు తక్కువైతే 1/1000తో కూడా పని జరుగుతుంది. ఫోకస్ కంటిన్యుయస్‌లో పెట్టి, పిట్ట దూరంగా చిన్నగా ఉన్నప్పుడే ఫ్రేములోకి తెచ్చుకుని, దానితో పాటు కెమెరాని తిప్పుతూ ఉండండి, దగ్గరికి వచ్చాక నొక్కండి. సైలెంట్ షట్టర్‌లో కొన్ని కెమెరాలు వేగంగా కదిలే రెక్కల్ని వంకరగా చూపిస్తాయి. పిట్ట దూరంగా ఉంటే ఈ ఒక్క సందర్భంలో మెకానికల్ షట్టర్‌కి మారొచ్చు.

ఎప్పుడు ఎగురుతుందో ముందే పసిగట్టవచ్చు. కూర్చున్న పిట్ట ఒక్కసారిగా ఈకలు దగ్గరికి లాక్కుంటుంది. గడ్డిలో ఒకే చోటుకి చూపు నిలిపి, దూరం కొలుస్తున్నట్టు తల అటూ ఇటూ, పైకీ కిందికీ కదుపుతుంది. ముందుకి వంగి రెట్ట వేసిందంటే ఇక క్షణాలే. గాలి ఎటు నుంచి వీస్తోందో అటు ముఖంగానే ఎక్కువగా లేస్తుంది కాబట్టి ఫ్రేములో ఆ వైపు ఖాళీ ఉంచండి.

పెల్లెట్ కక్కే క్షణం కూడా చలికాలపు ఉదయాల్లో దొరుకుతుంటుంది. ముందు పిట్ట ఇబ్బంది పడుతున్నట్టు ముఖం ముడుచుకుంటుంది, కళ్లు మూసుకుంటుంది. మెడ సాగదీసి ఆవలించినట్టు నోరు బాగా తెరుస్తుంది, మూసి మళ్లీ తెరుస్తుంది. దానికి ఏదో అయిందని కంగారు పడకండి. షట్టర్‌ని 1/500కి పెంచి సిద్ధంగా ఉండండి. చివరికి తల విదిలించగానే ఆ తడి ఉండ ముక్కు మీదుగా జారి కింద పడుతుంది. అది పడిపోయాక పిట్ట నాలుగుసార్లు రెప్పలు ఆర్చి, ఏమీ జరగనట్టు మళ్లీ గుండ్రంగా ముడుచుకు కూర్చుంటుంది.

ఇవి మాత్రం చేయకండి

ఫోన్‌లో గుడ్లగూబ అరుపు పెట్టి పిలవడం. తన చోటులోకి శత్రువు వచ్చాడనుకుని అది కంగారుగా వస్తుంది. చాలా జాతులు చలికాలంలోనే జత కడతాయి, హద్దులు ఖాయం చేసుకుంటాయి. లేని శత్రువుతో పోరాడటానికి వాటి దగ్గర శక్తి మిగులు ఉండదు.

ఎలుకల్ని ఎరగా వదలడం. ఆ ఫొటోలు ఎంత బావున్నా నేను వాటిని మెచ్చుకోను. మనుషుల దగ్గర, రోడ్ల పక్కన తిండి దొరుకుతుందని అలవాటుపడ్డ పిట్ట వాహనాల కింద పడే ప్రమాదం పెరుగుతుంది.

ఫ్లాష్ వాడటం, కొమ్మలు విరిచి దారి చేసుకోవడం, తొర్రని తట్టి బయటికి రప్పించడం కూడా అంతే. ఈగల్ ఔల్ జాతుల్లో కొన్ని చలికాలంలోనే గుడ్లు పెడతాయి. రాతి అంచు మీద పొదుగుతున్న పిట్ట కనిపిస్తే ఫొటో మాట మర్చిపోయి వెంటనే వెనక్కి రండి. అది లేచిపోతే ఆ చలికి గుడ్లు చల్లబడిపోతాయి.

ఎండెక్కాక

గుడ్లగూబ నిద్రలోకి జారుకున్నాక మీరు మెల్లగా అక్కడి నుంచి కదలండి. వచ్చిన దారినే, అంతే నెమ్మదిగా. అప్పటికి మిగతా పిట్టలు హుషారుగా ఉంటాయి. షార్ట్ ఈయర్డ్ ఔల్ తిరిగిన బీడు మీదే పిల్లిగద్దలు నేలకి తక్కువ ఎత్తులో ఎగురుతూ కనిపిస్తాయి. రెండింటికీ కావాల్సింది ఆ ఎలుకలే కాబట్టి ఒకదానితో ఒకటి గాలిలో గొడవపడటం కూడా చూడొచ్చు. నేల వేడెక్కేకొద్దీ దూరపు బొమ్మలు గాలి అలల్లో వణుకుతాయి. ఇక కెమెరా పక్కన పెట్టి బైనాక్యులర్స్‌తో చూడండి.

అక్కడే కూర్చుని నోట్సు రాసేయండి. సమయం, వాతావరణం, ఏ చెట్టు మీద ఏ వైపు కొమ్మ, ఏం చేస్తోంది, మీరు ఎంత దగ్గరికి వెళ్తే మీ వైపు చూసింది. ఈ చివరిది చాలా ముఖ్యం, మళ్లీ వచ్చినప్పుడు ఎక్కడ ఆగాలో అదే చెప్తుంది. ఈబర్డ్‌లో (చూసిన పిట్టల లిస్టులు నమోదు చేసే వెబ్‌సైట్) లిస్టు పెట్టే అలవాటుంటే గుడ్లగూబ కనిపించని ఉదయాల లిస్టు కూడా పెట్టండి. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌కి (జనమంతా కలిసి చేసే పిట్టల లెక్క) ఇలాంటి లిస్టులే కావాలి.

చలిలోంచి వెచ్చటి గదిలోకి రాగానే కెమెరా బయటికి తీయకండి. చల్లటి లెన్సు మీదా, లోపలా తేమ పట్టేస్తుంది. మెమరీ కార్డు బయటే తీసేసుకుని, కెమెరాని జిప్ వేసిన బ్యాగులోనే గంటో రెండు గంటలో ఉంచండి. అది నెమ్మదిగా గది వేడికి వస్తుంది.

ఫొటోలు ఎక్కడైనా పెట్టేముందు ఫైలులో ఉండే జీపీఎస్ వివరాలు తీసేయండి. వెనక గుర్తుపట్టగలిగే గుడో, వంతెనో, బోర్డో ఉంటే క్రాప్ చేయండి. గుడ్లగూబ ఉండే చోటు ఒకసారి బయటికి పొక్కితే మర్నాటి నుంచి అక్కడ జనం గుమిగూడతారు, వేటగాళ్లకీ తెలిసిపోతుంది. కొన్ని ప్రాంతాల్లో కొన్ని గుడ్లగూబ జాతులు కనిపించిన చోట్లని ఈబర్డ్ కూడా బయటపెట్టదు. ఎక్కడ తీశారని ఎవరైనా అడిగితే ఎలాంటి చోటులో తీశారో చెప్పండి: పాత చెట్టు తొర్ర, ఊరి చివరి బీడు, రాతి గుట్ట. నిజంగా ఆసక్తి ఉన్నవాళ్లకి వెతుక్కోవడానికి అది చాలు. మీరు కూడా అదే చెట్టు దగ్గరికి రోజూ వెళ్లకండి, మధ్యలో కనీసం ఒక వారం గ్యాప్ ఇవ్వండి. ఈలోగా ఇంకో చోట కొత్త పెల్లెట్ల కోసం వెతకండి.